ఫారంలో పట్టని వివరాలు: భిలాయ్ తెలుగు రోగులు ఏ గడిలో చేరతారు?

భిలాయ్ (ఛత్తీస్‌గఢ్): జ్వరం ఎన్నాళ్లుగా ఉందని రోగిని అడగడం వైద్యం. వంట ఏ పొయ్యి మీద చేస్తారు, ఏం పని చేస్తారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని అడగడమూ అందులో భాగమేనన్న అవగాహన ఇటీవలిది. ఆరోగ్యాన్ని నిర్ణయించే సామాజిక పరిస్థితులపై ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2008లో నివేదిక ఇచ్చాక ఇది మరింత బలపడింది. అయితే ఆ ప్రశ్నలు అడిగే తీరులోనే చిక్కంతా ఉంది. అందుకు భిలాయ్ ఉక్కు నగరంలోని సెక్టర్ 2 వంటి కాలనీలు మంచి ఉదాహరణ.

సోవియట్ సహకారంతో 1955లో ఒప్పందం కుదిరి, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఈ కర్మాగారానికి తెలుగు నేల నుంచి ఎన్నో కుటుంబాలు తరలివచ్చాయి. ఉక్కు కర్మాగారంలో పర్మినెంటు ఉద్యోగం ఉన్నవారికి సెక్టర్ 9లో కంపెనీ ఆసుపత్రి ఉంది. ఇళ్లలో పనిచేసేవారికి, రోజుకూలీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం, గడప దాకా వచ్చే మితానినే ఆధారం. ఛత్తీస్‌గఢీలో మితానిన్ అంటే స్నేహితురాలు. దేశంలో ఆశా కార్యకర్తల వ్యవస్థ రాకముందే, 2002లో ఈ రాష్ట్రం వీరిని నియమించడం మొదలుపెట్టింది.

ముప్పై ఏళ్లు దాటినవారి కోసం వీరి చేతిలో ఉండే పత్రాన్ని సీబ్యాక్ అంటారు. వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, వ్యాయామం, కుటుంబ చరిత్రలకు మార్కులు వేస్తారు. మొత్తం నాలుగు దాటితే బీపీ, షుగర్ తదితర పరీక్షలకు ముందుగా పంపాలి. కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరోసిన్‌తో వండుతున్నారా, పొగ, దుమ్ము ఉండే పరిశ్రమలో పనిచేస్తున్నారా అనే ప్రశ్నలూ ఉన్నాయి. ఉక్కు నగరంలో వీటి విలువ వేరే చెప్పనక్కర్లేదు.

పొగాకు ప్రశ్న దగ్గరే భాష అడ్డుపడుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో కొందరు స్త్రీలు చుట్ట నిప్పు కొనను నోట్లో ఉంచుకుని కాల్చుతారు. దీన్నే అడ్డపొగ అంటారు. అంగిలి క్యాన్సర్‌తో దీనికున్న సంబంధం దశాబ్దాల క్రితమే పరిశోధనల్లో తేలింది. ఛత్తీస్‌గఢ్‌లో గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్లు తోముకునేవారు దాన్ని వ్యసనంగా కాక దంతధావనంగానే చూస్తారు. ‘మీరు పొగాకు వాడతారా’ అని హిందీలో అడిగితే ఇద్దరూ నిజాయితీగానే ‘లేదు’ అనవచ్చు. ‘అడ్డపొగ అలవాటుందా’, ‘పళ్లు దేనితో తోముకుంటారు’ అని అడిగితే జవాబు మారుతుంది, దానితో మార్కులూ మారతాయి. గత రెండు వారాల్లో దిగులుగా అనిపించిందా అనే మానసిక ఆరోగ్య ప్రశ్న ఇంకా సున్నితమైనది. తల్లి చెప్పేదాన్ని హిందీ బడిలో చదివే కొడుకు అనువదిస్తే, చెప్పాల్సిన మాట గొంతులోనే ఆగిపోతుంది.

కులం గడిది మరో చిక్కు. ఒక రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్లినవారి వెంట రెండో రాష్ట్రానికి రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖర రావు కేసులో తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ నుంచి మహారాష్ట్రకు వెళ్లిన కుటుంబానికి చెందిన విద్యార్థి వేసిన కేసు అది. రిజర్వేషన్‌కు వర్తించే ఆ నియమాన్నే ఆరోగ్య రికార్డుకూ పట్టిస్తే, ఆంధ్రలో ఎస్సీ అయిన రెల్లి కుటుంబం భిలాయ్ లెక్కల్లో జనరల్‌గా కలిసిపోతుంది. ధ్రువపత్రం లేకపోయినంత మాత్రాన వివక్ష, దానివల్ల వచ్చే అనారోగ్యం పోవు. వైద్య అవసరాలకైతే రోగి తన గురించి తాను చెప్పిందే రాసుకోవడం మేలు. కెనడాలోని టొరంటోలో ఒక ఆసుపత్రి కుటుంబ వైద్య విభాగం 2013 నుంచి ఇలాంటి వివరాలను వేచి ఉండే గదిలోనే, ట్యాబ్లెట్‌పై, రోగుల చేతనే నింపించింది.

చదువురాని రోగికి ఆ పద్ధతి అందదు, ఎవరో ఒకరు అడగక తప్పదు. వెనుక వరుసలో పొరుగువారు వింటుండగా ‘ఇల్లు ఎవరిది’ అని అడిగితే, అద్దె ఒప్పందం లేని కుటుంబం తప్పుడు చిరునామా చెబుతుంది. ఖాళీ చేయిస్తారన్న భయం ఆ కుటుంబానిది. తర్వాత క్షయ మందులు ఆపేసిన మనిషిని వెతకాల్సి వస్తే ఆ చిరునామాలో ఎవరూ ఉండరు.

పద్నాలుగు అంకెల ఆభా సంఖ్య స్వచ్ఛందమే, అది లేదని వైద్యం నిరాకరించకూడదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి కోరే నోటీసును ఇంగ్లిషులో గానీ ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. ప్రభుత్వ సేవలకు కొన్ని మినహాయింపులున్నా, ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. సీబ్యాక్ మొదటి పేజీలో పేరు, వయసు, ఫోన్ నంబరు, చిరునామాలకు గడులున్నాయి కానీ, మాతృభాషకు లేదు.