ఇసుక చెప్పే సంగతి: పుదుచ్చేరి తీరం

సముద్రపు ఒడ్డున మీరు ఎప్పుడైనా నిలబడ్డారా? కాళ్ల కింది ఇసుక ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్లు కనిపిస్తుంది. నిజానికి అది ప్రయాణంలో ఉంటుంది. ఆ ప్రయాణానికి అడ్డు వస్తే తీరం ఏమవుతుందో, ఆ మార్పును ఇసుకను చూసి ఎలా గుర్తించవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. ఇసుకలో ఏముంటుంది?

పిడికెడు ఇసుకను తెల్లకాగితం మీద పరచండి. తెల్లగా, లేత పసుపుగా మెరిసే రేణువులు ఎక్కువగా కనిపిస్తాయి. ఇవి పలుగురాయి రేణువులు. అక్కడక్కడ ఎర్రనివి, నల్లనివి కూడా ఉంటాయి. ఎర్రనివి చాలావరకు గార్నెట్. నల్లనివి ఇల్మనైట్, మాగ్నటైట్ వంటి ఖనిజాలు. కొన్ని గవ్వల ముక్కలూ ఉండవచ్చు.

వీటి బరువులు ఒకటి కావు. పలుగురాయి తనంత పరిమాణం గల నీటికంటే సుమారు 2.65 రెట్లు బరువు ఉంటుంది. గార్నెట్ దాదాపు 4 రెట్లు, మాగ్నటైట్ 5 రెట్లకు పైగా ఉంటాయి. ఈ తేడాను గుర్తుంచుకోండి.

2. ఇసుక ప్రయాణం

కొండలలోని రాళ్లు శిథిలమై ఇసుక అవుతాయి. నదులు దానిని సముద్రానికి చేరుస్తాయి. అక్కడ అలలు తీరాన్ని ఏటవాలుగా తాకి, ఇసుకను తీరం వెంబడి నెడతాయి. పుదుచ్చేరి వద్ద నైరుతి రుతుపవన కాలంలో ఇసుక ఉత్తరానికి, ఈశాన్య రుతుపవన కాలంలో దక్షిణానికి కదులుతుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ.

3. దారికి అడ్డు వస్తే?

1980ల చివరలో పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం నది ముఖద్వారం వద్ద హార్బరు కట్టారు. అలలను ఆపడానికి సముద్రంలోకి రాతి గోడలు వేశారు. ఆ గోడలు ఇసుకనూ ఆపాయి. దక్షిణాన వీరాంపట్టినం వైపు ఇసుక పోగైంది. ఉత్తరాన పట్టణం ముందున్న బీచ్ కరిగిపోయింది. పోగైన ఇసుకను ఉత్తరానికి పంపాలన్న ఏర్పాటు సరిగా సాగలేదు.

రోడ్డును కాపాడటానికి ఒడ్డున పెద్ద పెద్ద రాళ్లు పేర్చారు. రోడ్డు నిలిచింది, కాని ఇసుక తిరిగి రాలేదు. కోత ఇంకా ఉత్తరానికి జరిగింది. అక్కడి జాలరులకు పడవ ఒడ్డుకు లాగడానికి, వలలు ఆరవేయడానికి చోటు తగ్గిపోయింది.

4. అలలు చెరిగిన ఇసుక

బియ్యం చేటలో చెరిగితే తేలికైన తవుడు, పొట్టు ఎగిరిపోయి గింజలు మిగులుతాయి కదా! కోతపడే తీరంలో అలలు చేసే పని ఇటువంటిదే. సన్నని, తేలికైన రేణువులు ముందుగా కొట్టుకుపోతాయి. ముతకవి, బరువైనవి మిగులుతాయి. అందుకే కోతపడిన చోట ఇసుక ముతకగా కనిపించవచ్చు, నల్లని చారలు ఏర్పడవచ్చు. కొత్త ఇసుక చేరే చోట లేతరంగు రేణువులు సాధారణంగా ఎక్కువగా ఉంటాయి.

అయితే ఒక హెచ్చరిక. ఒక్క తుపాను తరువాత కూడా నల్లని చారలు ఏర్పడతాయి. కాబట్టి ఒక్కరోజు చూసి తీర్పు చెప్పకూడదు. తీరం వెంట అనేక చోట్ల, వేర్వేరు నెలలలో పరిశీలించాలి.

5. చేసి చూడండి

తీరం వెంట మూడు చోట్ల, నీటి అంచుకు ఒకే దూరంలో పిడికెడు చొప్పున ఇసుక తీసుకోండి. పొట్లాలపై చోటు, తేదీ రాయండి. ఇసుకను ఆరబెట్టి, కాగితం చుట్టిన అయస్కాంతాన్ని దానిపై తిప్పండి. ఏ పొట్లంలో నల్లని రేణువులు ఎక్కువగా అంటుకున్నాయి? సముద్రం దూరమైతే చెరువు గట్టున గాని, ఏటి ఒడ్డున గాని చేయండి.

6. పరిష్కారం ఉందా?

2018–19లో పుదుచ్చేరి సచివాలయం ఎదుట సముద్రంలో, నీటి అడుగున ఒక కృత్రిమ దిబ్బ నిర్మించారు. అలల జోరు తగ్గి, అక్కడ మళ్లీ ఇసుక నిలిచింది. అయినా ఒకచోట ఇసుకను నిలిపితే పక్కచోట ఏమవుతుందో గమనిస్తూనే ఉండాలి.

గుర్తుంచుకోండి

తీరం నిలవాలంటే పోయిన ఇసుకకు బదులు కొత్త ఇసుక రావాలి. రాక ఆగితే కోత మొదలవుతుంది.

పాఠగత ప్రశ్నలు

1. హార్బరుకు ఉత్తరాన బీచ్ ఎందుకు కరిగిపోయింది?
2. కోతపడిన తీరంలో నల్లని రేణువులు ఎందుకు మిగులుతాయి?
3. రాళ్లు పేర్చడం వలన ఎవరికి మేలు, ఎవరికి నష్టం? మీ మాటలలో రాయండి.