కాక్లియర్ ఇంప్లాంట్: అరెకరం అమ్మే ముందు అడగాల్సిన ప్రశ్నలు

మా పెదనాన్న కొడుకు క్వారీలో రాళ్లు కొట్టేవాడు, పండగలకు దప్పు కొట్టేవాడు. ఎనిమిదేళ్ల కిందట మందులకు లొంగని టీబీ వస్తే నెలల తరబడి కనామైసిన్ ఇంజెక్షన్లు వేశారు. టీబీ తగ్గింది, రెండు చెవులూ పోయాయి. చెవుల్లో హోరు మొదలైతే వెంటనే చెప్పాలని కూడా అన్నకు ఎవరూ చెప్పలేదు. ఈ మధ్య ఒక డాక్టర్ ‘కాక్లియర్ ఇంప్లాంట్ పెడితే వినపడుతుంది’ అన్నాడు. అప్పటి నుంచి ఉన్న అరెకరం అమ్మాలా వద్దా అని ఇంట్లో ఒకటే చర్చ. పీహెచ్‌డీ చేస్తున్నాను కదా అని నన్ను అడిగారు. నేను డాక్టర్ని కాదు. వెతికి, అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మన వాడల్లో ఇదే ప్రశ్నతో ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి.

అసలు ఇది ఏం చేస్తుంది?

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగమే కాక్లియా. అందులోని సన్నని రోమ కణాలు శబ్దాన్ని నాడికి అందిస్తాయి. కనామైసిన్ లాంటి మందులు, ఏళ్ల తరబడి పెద్ద చప్పుళ్లు ఈ కణాలను చంపేస్తాయి. చచ్చినవి మళ్లీ పుట్టవు. మామూలు చెవి మిషన్ శబ్దాన్ని పెంచుతుంది, అంతే. అందుకునే కణాలే లేనప్పుడు ఎంత పెంచినా మాట తెలియదు. అన్న కొన్న మిషన్ పెట్టెలోనే ఉండిపోవడానికి కారణం ఇదే.

ఇంప్లాంట్ దారి వేరు. చెవి వెనుక పెట్టుకునే ప్రాసెసర్ శబ్దాన్ని సంకేతాలుగా మారుస్తుంది. చర్మం కింద ఆపరేషన్ చేసి అమర్చిన భాగం వాటిని అందుకుని, కాక్లియాలోకి పంపిన సన్నని తీగ ద్వారా నాడికి నేరుగా కరెంటు రూపంలో ఇస్తుంది. అందుకే నాడి బాగుండాలి. అది తేల్చేది వినికిడి పరీక్షలు, స్కానింగులే.

ఏం చేయదు?

పోయిన వినికిడిని తిరిగి తేదు. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు స్విచాన్ చేస్తారు. మొదట్లో మాటలు యంత్రం మాట్లాడినట్టు వినిపిస్తాయి. పలుమార్లు వెళ్లి ప్రాసెసర్‌ను సరిచేయించుకోవాలి, నెలల తరబడి వినడం సాధన చేయాలి. మాటలు వచ్చాక చెవులు పోయిన పెద్దల్లో చాలామందికి మంచి ఫలితమే ఉంటుంది. కానీ వినకుండా గడిచిన ఏళ్లు పెరిగేకొద్దీ ఫలితం తగ్గే అవకాశం ఉంది. గుంపులో మాట పట్టుకోవడం కష్టం. సంగీతంలో లయ బాగానే అందుతుంది, రాగం అంతగా అందదు. దప్పు మళ్లీ వినపడుతుందా అని అన్న అడిగితే నేను చెప్పింది ఇదే: దెబ్బ తెలుస్తుంది, నీకు గుర్తున్న మోత మాత్రం కాకపోవచ్చు.

మెదడు పొరల వాపు అయిన మెనింజైటిస్ వల్ల చెవులు పోతే మాత్రం ఆలోచిస్తూ కూర్చోకూడదు. కాక్లియా లోపల ఎముక పెరిగి తీగ పెట్టే దారి మూసుకుపోవచ్చు.

డబ్బు ఎవరు పెట్టాలి?

పరికరం రకాన్ని బట్టి ఖర్చు ఐదారు లక్షల నుంచి పది లక్షలు దాటుతుంది. కేంద్రం అడిప్ పథకం, మన రాష్ట్రాల ఆరోగ్య పథకాలు ఇంప్లాంట్లు ఇచ్చేది ప్రధానంగా పిల్లలకే. కూలి చేసుకునే పెద్దవాళ్లకు ఆ తలుపు దాదాపు మూసే ఉంది. ఆపరేషన్‌తో ఖర్చు ఆగదు. బ్యాటరీలు, కేబుళ్లు, కొన్నేళ్లకు కొత్త ప్రాసెసర్ కావాలి. ఒక కంపెనీ ఇంప్లాంట్‌కు మరో కంపెనీ ప్రాసెసర్ పనిచేయదు. అంటే జీవితాంతం ఆ కంపెనీ చెప్పిన ధరే. అరెకరం అమ్మి పెట్టించుకున్న మిషన్ కేబుల్ తెగి మూలన పడితే భూమీ పోయె, వినికిడీ పోయె.

అందుకే సంతకం పెట్టే ముందు అడగండి: నా నాడి పరిస్థితి ఏమిటి? నాలాంటి వాళ్లలో ఫలితం ఎలా ఉంది? మిగిలిన కాస్త వినికిడి పోతుందా? వారంటీ ఎన్నేళ్లు? సాధన మా జిల్లాలో దొరుకుతుందా, ప్రతిసారీ హైదరాబాద్ రావాలా? జవాబులు తెలుగులో, కాగితం మీద రాసి ఇమ్మనండి. వినపడని మనిషికి నోటితో చెప్పి తీసుకున్న అంగీకారం అంగీకారం కాదు.

వద్దనుకున్నా హక్కులు పోవు

ఇంప్లాంట్ వద్దనుకోవడం చేతకానితనం కాదు. సైగల భాష ఉంది. మాటను తెలుగు అక్షరాలుగా చూపే ఫోన్ యాప్‌లు ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ వినికిడి కోల్పోయినవారు బధిరులు. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఉంటే, అందులో 1 శాతం బధిరులకు, వినికిడి లోపం ఉన్నవారికి. ఇది ఎస్సీ రిజర్వేషన్‌ను తగ్గించదు, దానికి అడ్డంగా అమలవుతుంది. పని దగ్గరి చప్పుడు వల్ల వచ్చే చెవుడు చట్టం ప్రకారం వృత్తి వ్యాధే. క్వారీ యజమానులు ఈ మాట ఎత్తరు, మనమే ఎత్తాలి.

కనామైసిన్‌ను టీబీ చికిత్సలో వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల్లో చెప్పింది. ఇప్పుడు నోటి మాత్రలతోనే చికిత్స ఉంది. అప్పటికే చెవులు పోగొట్టుకున్న పేదల సంగతేమిటి? ప్రాణం కాపాడిన చికిత్సే వినికిడిని తీసుకుంటే, తిరిగి ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిది కాదా? పెద్దలకూ ఇంప్లాంట్, దానితో పాటు జీవితకాలపు నిర్వహణ ఖర్చు పథకంలో చేర్చాలన్నది మన డిమాండ్ కావాలి.

అన్న ఇంకా ఏదీ తేల్చుకోలేదు. ముందు సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ కేంద్రంలో పరీక్షలు చేయించుకుంటానన్నాడు. ఫలితాలు వచ్చే దాకా భూమి మాట ఎత్తొద్దని పలక మీద రాసి వదినకు చూపించాడు.