నేలపట్టు వెళ్తున్నారా? ముందు ఫోన్ సైలెంట్‌లో పెట్టండి

ఈ ఎపిసోడ్‌ని నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతా. మొదటిసారి నేలపట్టు వెళ్లినప్పుడు, పక్షులన్నీ ఒకేసారి ఎగిరితే రీల్ అదిరిపోతుంది కదా అని గట్టిగా చప్పట్లు కొట్టా. ఎగిరాయి. రీల్ కూడా బాగా వచ్చింది. పక్కనే ఉన్న పెద్దాయన మాత్రం, "బాబూ, ఆ ఫోన్ కాదు, గూళ్ల వైపు చూడు" అన్నారు. చూశా. ఖాళీ గూళ్ల మీదికి అప్పటికే కాకులు దిగుతున్నాయి. ఆ రీల్ నేను పోస్ట్ చేయలేదు.

నేలపట్టు తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో, సూళ్లూరుపేటకి దగ్గర్లో ఉంది. 1976లో దీన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. ఇక్కడ చెరువు నీళ్లలోనే బారింగ్టోనియా అనే చెట్లు నిలబడి ఉంటాయి. గూడబాతులు, అదే మన పెలికాన్లు, వాటి మీదే గూళ్లు కడతాయి. ఎందుకంటే చుట్టూ నీళ్లుంటే పిల్లి, నక్క లాంటివి అంత ఈజీగా రాలేవు. చేపలకేమో పులికాట్ సరస్సు దగ్గర్లోనే ఉంది. ఇల్లు నేలపట్టులో, భోజనం పులికాట్‌లో అన్నమాట! తెల్ల కంకణాలు, నీటికాకులు, నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు కూడా కనిపిస్తాయి.

అక్టోబర్‌లో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలై చెరువు నిండుతుంది. అప్పటి నుంచి మార్చి దాకా గూళ్ల సీజన్. అసలు పాయింట్ ఇక్కడే ఉంది. మనం చూడ్డానికి బెస్ట్ టైమ్ ఏదో, వాటికి చాలా రిస్కీ టైమ్ కూడా అదే.

గూడబాతు సుమారు నెల రోజులు గుడ్లు పొదుగుతుంది. తల్లీతండ్రీ వంతులవారీగా కూర్చుంటాయి. భయపడి లేచిపోతే గుడ్లు కాకుల పాలవుతాయి, చిన్న పిల్లలు ఎండకి మాడిపోతాయి. మనకి పది సెకన్ల వీడియో. వాటికి ఆ సీజన్ కష్టమంతా పోయినట్టే.

అందుకే ఈ నాలుగు గుర్తుపెట్టుకోండి:

ఒకటి, పొద్దున్నే వెళ్లండి. మెరిసే రంగుల బట్టలు వద్దు, ఆకుపచ్చ, మట్టి రంగులు బెటర్.

రెండు, ఫ్లాష్ ఆఫ్ చేయండి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. పైనుంచి ఏది వచ్చినా పక్షులకి అది గద్దే.

మూడు, మెర్లిన్ యాప్ ఫ్రీనే. కూత విని అది ఏ పక్షో చెప్పడానికి ట్రై చేస్తుంది. కానీ అందులో ఉన్న కూతల్ని అక్కడ స్పీకర్‌లో ప్లే చేయొద్దు. వేరే పక్షి తమ చోటుకి వచ్చిందనుకుని కంగారుపడతాయి.

నాలుగు, జూమ్ చాలకపోతే బైనాక్యులర్ అద్దానికి ఫోన్ కెమెరా ఆనించి తీయండి. దగ్గరికి మాత్రం వెళ్లొద్దు.

తర్వాత ఒక ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. కాసేపటికి ఒక గూడబాతు రెక్కలు చాచి గూట్లో దిగుతుంది, పిల్ల తల్లి నోటి సంచిలోకి తల దూర్చి చేప తింటుంది. దానికి చప్పట్లు అక్కర్లేదు ఫ్రెండ్స్. మనం అక్కడ లేనట్టు ఉంటే చాలు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!