సాకమని అప్పగించిన బిడ్డ

దత్తత కోసం పేరు నమోదు చేయించుకుని ఏళ్లుగా ఎదురుచూస్తున్న దంపతులు ఈ మధ్య తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఫోస్టర్ కేర్‌లో అయితే బిడ్డను తొందరగా ఇస్తారటగా?’ వాళ్ల ఆరాటాన్ని తప్పుపట్టలేం. 2024–25లో దేశం మొత్తం మీద జరిగిన దత్తతలు 4,515. అప్పటికి ఇటీవలి ఏళ్లలో అదే ఎక్కువ. వరుసలో నిలబడ్డవాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉన్నారు. అయినా ఫోస్టర్ కేర్‌ను దత్తతకు అడ్డదారి అనుకుని బయలుదేరితే అటు బిడ్డా నష్టపోతుంది, ఇటు ఇల్లూ కుంగిపోతుంది. ఎందుకో అంకెలే చెబుతాయి.

మొదటి అంకె 44. బాలల న్యాయ చట్టం, 2015లో ఫోస్టర్ కేర్‌కు సంబంధించిన సెక్షన్ అది. రక్షణ అవసరమైన బిడ్డను బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతో, కన్నవాళ్లది కాని మరో ఇంట్లో ఉంచి పెంచడం దాని సారాంశం. ఏడాది లోపు అయితే స్వల్పకాలం, అంతకు మించితే దీర్ఘకాలం. ఇంటిపేరు మారదు, వారసత్వం రాదు. తల్లి జైల్లోంచి వచ్చినా, తండ్రి జబ్బు నయమైనా, బిడ్డను చూసుకోగలరని సమితికి నమ్మకం కలిగితే పిల్లవాడు తిరిగి వెళ్లిపోతాడు. అంతవరకూ కన్నవాళ్లు వచ్చి చూసిపోవడానికీ వీలుంటుంది, అది బిడ్డకు మంచిది కాదని సమితి అనుకుంటే తప్ప.

ఈ విషయం మీద సభల్లో మాట్లాడేవాళ్లు యశోదను తెస్తారు. తెస్తే తెచ్చారు గానీ కథను సగంలో ఆపేస్తారు. కృష్ణుడు రేపల్లె విడిచి మధురకు వెళ్లిపోయాడు. ఫోస్టర్ కేర్‌కు సిద్ధపడే ఇల్లాలికి పనికొచ్చేది ఆ రెండో సగమే.

ఇక అర్హతలు. 2016 నాటి మార్గదర్శకాల్లో పెళ్లయిన దంపతులకే చోటుండేది. కేంద్రం 2024లో వాటిని మార్చింది. ఇప్పుడు ఒంటరివాళ్లు, భర్త లేదా భార్య పోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు కూడా ముందుకు రావచ్చు. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లవాణ్నైనా పెంచవచ్చు. ఒంటరి పురుషుడికి మగపిల్లలనే ఇస్తారు. దంపతులైతే రెండేళ్లుగా నిలకడైన కాపురం ఉండాలి, ఇద్దరి వయసులూ కలిపితే 70కి తగ్గకూడదు. అంటే ఆయనకు 38, ఆమెకు 32 అయినా లెక్క సరిపోతుంది. ఒంటరివాళ్లకు 6–12 ఏళ్ల పిల్లలు కావాలంటే 35–55 మధ్య, 12–18 ఏళ్ల పిల్లలకైతే 35–60 మధ్య వయసుండాలి.

ఆరేళ్ల దగ్గర కాసేపు ఆగాలి. ఊయలలో పడుకోబెట్టే పసికందు కావాలనుకునేవాళ్లకు ఇక్కడ నిరాశే. అంతకంటే చిన్నపిల్లలకు చట్టం దత్తత దారే చూపిస్తుంది. దత్తతకు యోగ్యులని తేలినవాళ్లను దీర్ఘకాలం ఫోస్టర్ కేర్‌లో పెట్టకూడదనీ సెక్షన్ 44లోనే ఉంది. అయితే యోగ్యులైనా ఎవరూ ఎంచుకోని పిల్లలు మిగిలిపోతారు. అందుకే 2016 నిబంధనలు కొంత వెసులుబాటు ఇచ్చాయి: 6–8 ఏళ్లవాళ్లకు రెండేళ్లపాటు, 8–18 ఏళ్లవాళ్లకు ఏడాదిపాటు ఏ కుటుంబమూ దొరక్కపోతే ఫోస్టర్ కేర్‌కు పంపవచ్చు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకూ ఏడాదే. సూటిగా చెప్పాలంటే, మీ ఇంటికి వచ్చేది బడికెళ్లే వయసున్న పిల్ల. తనకంటూ ఒక గతం, అలవాట్లు, బహుశా ఒక భయం వెంట తెచ్చుకుంటుంది.

ఆశ్రమంలో అన్నం, చదువు దొరుకుతున్నప్పుడు ఇంటికే పంపాలన్న పట్టుదల ఎందుకంటారా? రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన ఒక అధ్యయనం దీనికి గట్టి జవాబు. అనాథ శరణాలయాల్లోని 136 మంది పసిపిల్లలను రెండు సగాలు చేశారు. 68 మందిని ఫోస్టర్ కుటుంబాల్లో పెట్టారు, మిగతా 68 మంది అక్కడే ఉన్నారు. నాలుగున్నరేళ్ల వయసులో పరీక్షిస్తే ఇళ్లలో పెరిగినవాళ్ల ఐక్యూ సగటున 81, శరణాలయంలో ఉండిపోయినవాళ్లది 73. మొదటినుంచీ కన్నవాళ్ల దగ్గరే పెరిగిన పిల్లలది 109. ఆలస్యానికి ఎంత ధర చెల్లించాలో ఆ చివరి అంకె చూస్తే తెలుస్తుంది. ఎక్కువ మేలు పొందినవాళ్లు రెండేళ్లలోపే ఇల్లు చేరినవాళ్లు. మన దగ్గర మొదలయ్యేదే ఆరేళ్లకు గనుక రుమేనియా ఫలితాలను యథాతథంగా ఇక్కడికి దించుకోలేం. ఆరేళ్లు ఆశ్రమంలో గడిచిన పిల్లకు ఓపిక ఇంకా ఎక్కువ కావాలని మాత్రం అర్థం చేసుకోవచ్చు.

డబ్బు సంగతి. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. ఇదివరకు 2,000 ఉండేది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. లెక్కేస్తే రోజుకు 133 రూపాయలు. పాలు, కూరగాయలు, నోటుపుస్తకాలు, ఆటో ఖర్చు, జ్వరమొస్తే మందులు, అన్నీ ఇందులోనే. కాబట్టి దీన్ని ఆదాయంగా చూసేవాళ్లు మొదటి నెలలోనే దెబ్బతింటారు. సొంత సంపాదనతో బిడ్డను పోషించగలరా అని అధికారులు ముందే చూస్తారు, చూడాలి కూడా.

దరఖాస్తు, దత్తతలకు వాడే కేంద్ర ప్రభుత్వ కేరింగ్స్ పోర్టల్‌లోనే చేసుకోవాలి. జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లు ఇంటికొచ్చి, కుటుంబసభ్యులతో మాట్లాడి నివేదిక రాస్తారు. ఆరోగ్య పరీక్షలు, పోలీసు విచారణ తప్పవు. తుది నిర్ణయం సంక్షేమ సమితిది. అందులో అధ్యక్షులతో కలిపి అయిదుగురుంటారు. బిడ్డ వచ్చాక ప్రతి నెలా తనిఖీ చేయాలని చట్టం చెబుతోంది, ఏడాదికి పన్నెండు సార్లు. ఎవరో వచ్చి వంటింట్లోకి తొంగిచూస్తే చిన్నతనం అనుకునేవాళ్లకు ఇది సరిపడదు. నా మట్టుకు ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికంటే విలువైన నిబంధన అదే.

మరి ఆ బిడ్డ ఎప్పటికీ మనదయ్యే దారే లేదా? ఉంది. ఇదివరకు అయిదేళ్లు కలిసి ఉంటే గానీ ఫోస్టర్ కుటుంబం దత్తత అడిగే వీలుండేది కాదు. ఇప్పుడు రెండేళ్లు చాలు. షరతల్లా బిడ్డ చట్టపరంగా దత్తతకు యోగ్యుడై ఉండాలి. కన్నవాళ్లు తిరిగి తీసుకెళ్లగల పిల్లల విషయంలో ఇరవై నాలుగు నెలలు గడిచినా ఆ తలుపు తెరుచుకోదు.

అమ్మానాన్న పోయాక అమ్మమ్మ ఇంట్లోనో బాబాయి దగ్గరో పెరుగుతున్న పిల్లల సంగతి వేరు. వాళ్లకు సెక్షన్ 45 కింద స్పాన్సర్‌షిప్ ఉంది. సాయం అదే 4,000. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, మిగతా చోట్ల 96,000 రూపాయలు దాటకూడదు. భర్త పోయి పిల్లలను ఒంటిచేత్తో సాకుతున్న తల్లికీ ఇది వర్తిస్తుంది. మన ఊళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

స్టాంపు పేపరు మీద రాయించుకుని పిల్లను తెచ్చుకోవడం మాత్రం అందరికీ తెలుసు. అది నేరం. చట్టాన్ని పక్కనపెట్టి దత్తత పేరుతో అనాథ బిడ్డను ఇచ్చినా తీసుకున్నా మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల జరిమానా, ఒక్కోసారి రెండూ. డబ్బు చేతులు మారితే అయిదేళ్ల వరకు కఠిన శిక్ష. ఎక్కడైనా బిడ్డ దిక్కులేకుండా కనబడితే బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

ఫోస్టర్ కేర్‌కు దరఖాస్తు చేసే ముందు మీ సొంత పిల్లలను కూర్చోబెట్టి అడగండి. కంచం పక్కన కంచం పెట్టుకోవలసింది, రేపు ఆ పిల్ల వెళ్లిపోతే ఏడ్చేది వాళ్లే.