వైద్య చిత్రీకరణ పరీక్షల కోడింగ్

వైద్య చిత్రీకరణ పరీక్షల కోడింగ్ అనగా ఆసుపత్రిలో రోగికి తీసిన ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్, ఎమ్మారై వంటి పరీక్షలను అతని రికార్డులో నిర్ణీత సంకేతాలతో నమోదు చేసే పద్ధతి. ఇది మెడికల్ కోడింగ్‌లో ఒక విభాగం. ఒక పరీక్షను ఎవరు నమోదు చేసినా, ఎప్పుడు నమోదు చేసినా ఒకే సంకేతం రావడం దీని ముఖ్య లక్ష్యం. ఈ వ్యాసంలో ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని విధానం వివరించబడింది.

ఆవశ్యకత

తెలుగునాట "స్కానింగ్ తీయించాము" అంటే అది అల్ట్రాసౌండ్ కావచ్చు, సీటీ కావచ్చు, ఎమ్మారై కావచ్చు. మాటల్లో ఇది సరిపోతుంది గాని వైద్యరికార్డులో సరిపోదు. ఛాతీ ఎక్స్‌రే వలన శరీరానికి అందే రేడియేషన్ సుమారు 0.1 మిల్లీసీవర్టు. తల సీటీ స్కాన్‌కు ఇది సుమారు 2 మిల్లీసీవర్టులు. అల్ట్రాసౌండ్, ఎమ్మారై పరీక్షలలో ఈ రేడియేషన్ ఉండదు. రోగికి ఇదివరకు ఏ పరీక్ష, ఏ భాగానికి, ఏ వైపున జరిగిందో రికార్డు స్పష్టంగా చెప్పకపోతే అదే పరీక్షను మళ్ళీ తీయవలసి రావచ్చు. పాత చిత్రంతో పోల్చి చూసే అవకాశమూ పోతుంది. బిల్లుల చెల్లింపు, ఆసుపత్రి గణాంకాలు, వైద్య పరిశోధన కూడా ఈ సంకేతాలపైనే ఆధారపడతాయి.

ప్రధాన పద్ధతులు

* సీపీటీ: అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో మొదటిసారి ప్రచురించింది. ఐదు స్థానాల సంకేతాలు. వైద్యుల సేవలకు, ఆసుపత్రిలో చేరకుండా చేయించుకొనే పరీక్షలకు వాడతారు.
* ఐసీడీ-9-సీఎం మూడవ సంపుటి: 2015 సెప్టెంబరు 30 వరకు ఇన్‌పేషెంట్లకు వాడారు. ఇందులో తల సీటీ స్కాన్‌కు 87.03 అనే ఒకే సంకేతం ఉండేది. కాంట్రాస్ట్ మందు ఇచ్చారా లేదా అన్నది దానివలన తెలిసేది కాదు.
* ఐసీడీ-10-పీసీఎస్: 2015 అక్టోబరు 1 నుండి ఇన్‌పేషెంట్లకు వాడుతున్నారు. ప్రతి సంకేతంలో ఏడు స్థానాలు ఉంటాయి. సున్నా, ఒకటి అంకెలతో పొరబడకుండా 'ఓ', 'ఐ' అక్షరాలను ఇందులో వాడరు.

సంకేత నిర్మాణం

ఐసీడీ-10-పీసీఎస్‌లో చిత్రీకరణ విభాగపు స్థానాలు ఇవి:

1. విభాగం: చిత్రీకరణకు ఎల్లప్పుడూ 'బి'.
2. శరీర వ్యవస్థ.
3. పరీక్ష రకం: 0 సాధారణ ఎక్స్‌రే, 1 ఫ్లోరోస్కోపీ, 2 సీటీ, 3 ఎమ్మారై, 4 అల్ట్రాసౌండ్.
4. శరీర భాగం.
5. కాంట్రాస్ట్ మందు.
6, 7. అదనపు విశేషాలు. ఏమీ లేకపోతే 'జడ్'.

ఉదాహరణకు ఛాతీ ఎక్స్‌రే సంకేతంలో వరుసగా బి, డబ్ల్యూ, 0, 3 వచ్చి, మిగిలిన మూడు స్థానాలలో 'జడ్' ఉంటుంది. మూత్రపిండాల అల్ట్రాసౌండ్‌లో నాలుగవ స్థానం కుడికి 1, ఎడమకు 2, రెండింటికీ 3.

సీపీటీ ఇందుకు భిన్నమైనది. అందులో ఛాతీ ఎక్స్‌రే సంకేతం ఎన్ని వ్యూలు తీశారన్న దానినిబట్టి మారుతుంది. 2018 నుండి ఒక వ్యూకు 71045, రెండింటికి 71046 వాడుతున్నారు. కాబట్టి ఒక పద్ధతిలోని సంకేతాన్ని మరొక పద్ధతిలోనికి నేరుగా మార్చడం అన్నివేళలా కుదరదు.

ఒక ఉదాహరణ

సీపీటీలో తల సీటీ స్కాన్‌కు మూడు సంకేతాలు ఉన్నాయి. కాంట్రాస్ట్ లేకుండా తీస్తే 70450, కాంట్రాస్ట్‌తో తీస్తే 70460, మొదట లేకుండా, తరువాత కాంట్రాస్ట్‌తో తీస్తే 70470.

వైద్యుడు కాంట్రాస్ట్‌తో స్కాన్ తీయమని వ్రాశాడనుకొందాం. రోగి మూత్రపిండాల పనితీరు బాగాలేదని గమనించి కాంట్రాస్ట్ ఇవ్వకుండానే స్కాన్ తీశారు. ఆర్డరు చూసి కోడ్ వేసిన ఉద్యోగి 70460 అని వ్రాస్తాడు. రేడియాలజిస్టు రిపోర్టు చదివిన ఉద్యోగి 70450 అని వ్రాస్తాడు. రెండవదే సరైనది. మొదటి సంకేతం నిలిచిపోతే, రోగి కాంట్రాస్ట్ మందును ఇబ్బంది లేకుండా తట్టుకొన్నాడని తరువాత చూసిన వైద్యుడు పొరబడవచ్చు.

ఏకరూపత లోపించడానికి కారణాలు

అమెరికాలో మెడికేర్ సంస్థ 1983 నుండి ఇన్‌పేషెంట్లకు వ్యాధి వర్గాన్ని బట్టి మొత్తంగా చెల్లిస్తున్నది. చిత్రీకరణ సంకేతాల వలన ఈ మొత్తం సాధారణంగా మారదు. అందువలన కొన్ని ఆసుపత్రులు ఇన్‌పేషెంట్ల చిత్రీకరణలను పూర్తిగా కోడ్ చేస్తే, కొన్ని ఎంపిక చేసినవి మాత్రమే చేస్తాయి, మరికొన్ని అసలు చేయవు. ఒక ఆసుపత్రి మార్చి వరకు అన్ని స్కానులనూ కోడ్ చేసి ఏప్రిల్‌లో మానివేస్తే, పరీక్షలు తగ్గకపోయినా గణాంకాలలో తగ్గినట్లు కనబడుతుంది.

పాటించవలసిన నియమాలు

* ఏ పరీక్షలను కోడ్ చేయాలో ఆసుపత్రి లిఖితపూర్వకంగా నిర్ణయించి, విధానం మారినపుడు తేదీ వేయాలి.
* కోడ్‌కు ఆధారం రేడియాలజిస్టు రిపోర్టు. ఆర్డరు మాత్రమే ఆధారం కారాదు.
* కుడి, ఎడమ వివరం లేకపోతే ఊహించక, వైద్యుని అడిగి తెలుసుకోవాలి.
* రోగి బయటనుండి తెచ్చిన చిత్రాలను ఈ ఆసుపత్రిలో తీసినట్లు నమోదు చేయరాదు.
* కొన్ని రికార్డులను మరొకరిచేత తిరిగి కోడ్ చేయించి, తేడాలను సరిచూడాలి.

భారతదేశంలో

భారత ప్రభుత్వం ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను 2013లో ప్రకటించి 2016లో సవరించింది. వైద్య పదజాలానికి స్నోమెడ్ సీటీ, పరీక్షలకు లోయింక్, చిత్రాలకు డైకామ్ ప్రమాణాలను ఇవి సూచించాయి. స్నోమెడ్ సీటీని నిర్వహించే అంతర్జాతీయ సంస్థలో భారతదేశం 2014లో సభ్యత్వం పొందింది. హైదరాబాదులో అనేకమంది తెలుగు పట్టభద్రులు అమెరికా ఆసుపత్రుల రికార్డులకు కోడింగ్ చేయడం వృత్తిగా స్వీకరించారు. వారు ఆ రోగిని ఎన్నడూ చూడరు. వారికి కనబడేది రిపోర్టు మాత్రమే. అందుచేత రిపోర్టులోని స్పష్టత, కోడ్‌లోని నిలకడ రెండూ అవసరమే.

ఇవి కూడా చూడండి

* ఎక్స్‌రే
* అల్ట్రాసౌండ్
* ఎమ్మారై