ఓడిన ఆటను మరల చూచుట



పెద్దేముల్ గ్రామమున మా యరుగుమీద తాండూరు నాపరాయి యొకటి పఱచియున్నది. ఉద్యోగము విరమించిన పిదప దానిపై అరువదినాలుగు గడులు గీసి, సాయంకాలములందు చదరంగ మాడుచున్నాను. ఎదుట కూర్చుండువారు మా పొరుగు రైతు. ఆయన బడిలో చదివినది తక్కువ, నన్ను ఓడించినది ఎక్కువ. ఓడినప్పుడెల్ల “నేడు మనస్సు నిలువలేదు” అని సరిపెట్టుకొనుచుంటిని. ఒకనాడు ఆయన, “పంతులుగారూ, మీరు ఎప్పుడును ఒక్కతీరుగనే ఓడుచున్నారు” అనిరి. పిల్లల పలకలమీది తప్పులను ముప్పదియేండ్లు దిద్దినవాడను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మఱునాటినుండి ఎత్తులను వ్రాయ మొదలిడితిని. నిలువు వరుసలకు ఎడమనుండి క, ఖ, గ, ఘ, చ, ఛ, జ, ఝ అని పేర్లు. అడ్డవరుసలకు నా వైపునుండి 1 మొదలు 8 వఱకు అంకెలు. “గుఱ్ఱము ఛ3” అనిన చాలును, ఏ గడికి పోయెనో తెలియును. పెద్ద పోటీలలో ఆటగాండ్రు ఎత్తులు వ్రాయుట నియమమే. నేను ఎత్తు ప్రక్కను, అది వేయునప్పటి నా తలంపును గూడ రెండు మాటలలో వ్రాసికొంటిని. మేలు చేసినది ఇదియే.

కొన్ని ఆటలు కూడిన పిమ్మట రాతిపై వానిని మరల నడిపి చూచితిని. రాజు ముందఱ మూడు బంట్లు కదలక నిలిచియుండును. కడవరుసను కాయుచున్న ఏనుగును, ఒక బంటును చంపు నాశతో, నేను ముందునకు పంపుదును. శత్రువు ఏనుగు ఆ వరుసకు దిగును, రాజునకు తప్పుకొన గడి లేదు, ఆట కట్టు. ముందుగనే ఒక బంటును ఒక్క గడి జరిపియుండిన సరిపోయెడిది. ఇంతవఱకు ఎవరైనను చెప్పగలరు. అయితే ఆ యెత్తుల ప్రక్కను నా చేతివ్రాతలోనే “ఇక గెలిచితిని” అని యున్నది! గెలుపు తోచినంతనే ఎదుటివాని ఎత్తును చూచుట మానుచుంటిని. లోపము ఏనుగులో లేదు.

రష్యాదేశపు బొత్విన్నిక్ 1960లో తాల్ అను యువకునిచేత ఓడి ప్రపంచవిజేత పదవిని కోలుపోయి, 1961లో మరల గెలిచెను. ఆటగాడు తన యాటలకు తానే వ్యాఖ్య వ్రాసి అచ్చువేయవలయుననియు, అప్పుడు పరులు దాని తప్పులు పట్టుదురనియు ఆయన మతము. మన గుడివాడ యాడుబిడ్డ కోనేరు హంపికి చిన్ననాట తండ్రి అశోక్‌గారే గురువు. ఆమె 2002లో గ్రాండ్‌మాస్టర్ అయి, 2019లోను 2024లోను మహిళల వేగపు చదరంగమున ప్రపంచవిజేత యయ్యెను. అట్టి గురువు ప్రక్కన లేని మనకు పుస్తకమే దిక్కు.

చేతిఫోనులోని యంత్రము తప్పుటెత్తును క్షణములో చూపునని మా మనుమడు చెప్పును. నిజమే. కాని నేను దాని నేల వేసితినో యంత్ర మెఱుగదు. కావున మొదట ఒకదినము నేను వెదకి, పిదపనే దానిని అడుగుచున్నాను. గెలిచిన ఆటలను గూడ విడువను. వానిలో సగము ఎదుటివారి పొరపాటువలన గెలిచినవే.

మొన్న మా రైతు ఆ పుస్తకమును ఒకసారి చూచి యిచ్చెద ననిరి. ఇచ్చుటకు ఇంకను మనసొప్పకున్నది.