వాన నీటికి దారి చూపేది చివరి కాల్వే

స్టూవర్టుపురం: ఎకరం నేలపై ఒక సెంటీమీటరు వాన కురిస్తే దాదాపు 40 వేల లీటర్ల నీరు చేరుతుంది. మట్టి నేలలో కొంత ఇంకిపోతుంది. సిమెంటు రోడ్లు, డాబాలు ఉన్నచోట దాదాపు మొత్తం నిమిషాల్లోనే పల్లానికి పరుగు తీస్తుంది. ఊళ్లు సిమెంటుమయమయ్యే కొద్దీ అదే వానకు ముంపు పెరగడానికి కారణమిదే.

కాల్వ పనిచేసే తీరు

వాన నీటి కాల్వలకు వాలే ఆధారం. ఇంటి ముందరి సైడు కాల్వ వీధి చివరి పెద్ద కాల్వలో, అది ఊరి వెలుపలి డ్రెయిన్‌లో కలుస్తుంది. పై కాల్వ కన్నా కింది కాల్వ లోతుగా, వెడల్పుగా ఉండాలి. మరుగుదొడ్ల నీరు వేరే గొట్టాల్లో సాగాలి. రెండూ కలిస్తే పెద్ద వానకు మురుగు ఇళ్లలోకి ఎగదన్నే ప్రమాదముంది.

డెల్టాలో చిక్కు

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో నేల దాదాపు సమతలం. కృష్ణా పశ్చిమ డెల్టా పంట కాల్వలు పొలాలకు నీరందించేందుకు మెరకపై సాగుతాయి. ఊరి వాన నీటిని వాటిలోకి దింపడం కుదరదు. పల్లంలో సాగే నల్లమడ, రొంపేరు, పేరలి వంటి డ్రెయిన్లే ఆ నీటిని బంగాళాఖాతానికి చేర్చాలి. వీటి పనుల కోసం కృష్ణా, గోదావరి డెల్టా భూములపై సెస్సు విధిస్తూ 1968లోనే చట్టం వచ్చింది.

బాపట్ల, చీరాల మధ్య ఉన్న స్టూవర్టుపురం మీదుగా విజయవాడ-చెన్నై రైలు మార్గం సాగుతుంది. ఎగువ పొలాల నీరు సముద్రం వైపు వెళ్లాలంటే రైలు కట్ట కింది వంతెనలు, తూములే దారి. అవి పూడితే కట్టే ఆనకట్టవుతుంది.

సముద్రం అడ్డుపడితే

డ్రెయిన్‌లో నీటి మట్టం సముద్ర మట్టం కన్నా ఎత్తున ఉంటేనే నీరు దిగుతుంది. పోటు వేళ ప్రవాహం మందగిస్తుంది. ముఖద్వారంలో ఇసుక మేటలు వేస్తే దారి మరింత ఇరుకవుతుంది. తుపాను వేళ సముద్రం ఉప్పొంగి నీటిని వెనక్కి నెడుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీట మునిగింది. అటువంటి రోజున వీధి కాల్వ ఎంత వెడల్పున్నా ప్రయోజనం స్వల్పమే.

పూడికతీత ఎక్కడి నుంచి?

పూడికతీత పల్లం నుంచి మెరకకు సాగాలి. ముందు ముఖద్వారంలోని ఇసుక మేటలు, తర్వాత డ్రెయిన్లలోని గుర్రపుడెక్క, ఆపై తూములు, చివరగా వీధి కాల్వలు శుభ్రం చేయాలి. తీసిన మట్టిని గట్టుపైనే వదిలితే తొలి వానకే తిరిగి కాల్వలో పడుతుంది. వేసవిలో పనులు ముగించి, తుపానుల ముప్పు అధికంగా ఉండే అక్టోబరుకు ముందు మరోమారు తనిఖీ చేయడం అవసరం.